పెట్టె మీద పేరు

పామర్రు దాటి కూచిపూడి ఇంకా రాకముందే మా పల్లెవెలుగు బస్సు వెనక టైరు పోయింది. గుడివాడలో ఎక్కినవాళ్ళం, పామర్రులో ఎక్కినవాళ్ళం అందరం దిగి రోడ్డు వార నిలబడ్డాం. జూన్ మొదట్లో కాలవలో నీళ్ళుండవు. అడుగున ఎండి పగుళ్ళిచ్చిన బురద, అందులో ఒంటి చెప్పు ఒకటి, కొబ్బరి బోండాల గుట్ట. టికెట్టు లేకుండా వెళ్ళే వీలు వచ్చాక ఈ బస్సుల్లో సగానికి పైగా ఆడవాళ్ళే. ఉన్న ఒక్క తుమ్మచెట్టు నీడనీ వాళ్ళు తీసేసుకున్నారు. మగవాళ్ళకి మిగిలింది బస్సు నీడ. డ్రైవరూ కండక్టరూ జాకీ దగ్గర కూర్చుని, ఈ టైరు ఎవరు ఎక్కించమన్నారంటే ఎవరు ఎక్కించమన్నారని ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

నా పక్కన నిలబడ్డ మనిషికి నలభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో రొయ్యల మేత కంపెనీ బొమ్మ ఉన్న గుడ్డసంచి. చాలాసేపు కాలవలోకి చూశాడు. తర్వాత, ఎప్పటినుంచో మాట్లాడుకుంటున్నవాళ్ళలాగా, నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"పెద్దాయనా, ఎనభై ఏడు తక్కువా అండీ, ఎక్కువా?"

రోడ్ల మీద నన్ను చాలామంది చాలా అడిగారు. టైమెంత అని, ఎవరి తాలూకు అని, ఈ వయసులో ఒక్కరే ఎక్కడికి అని. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

"దేంట్లో?" అన్నాను.

"పరీక్షలో."

"వందకేనా?"

"వంద దాకా ఉంటుంది గానీ వందకి కాదంటండీ. అక్కడే వచ్చింది గొడవ."

గొడవ అన్నాడే గానీ గొంతులో గొడవేమీ లేదు. ఈ ఏడు కాలవలకి నీళ్ళు ఎప్పుడు వదుల్తారంటారు అని అడిగినట్టే ఉంది.

పేరు నతానియేలు. దివిసీమలో, నాగాయలంక అవతల ఒక పల్లె. హెప్సిబా అని ఒక్కతే కూతురు, ఐదో తరగతి అయిపోయింది. ఆరులోకి పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరుకునే ఒక పెద్ద హాస్టల్ స్కూలుకి ఈ ఏడాది రాయించాడు. స్కూలు పేరు నాకు చెప్పాడు గానీ ఇక్కడ దానితో పనిలేదు. ఫలితం ఫోన్లోకి వచ్చినప్పుడు పిల్ల పేరు పక్కన ఎనభై ఏడు అని ఉంది. కిందటేడు వాళ్ళ ఊళ్ళోనే, లెక్కల మాష్టారు శేషగిరి గారి అమ్మాయి వేదశ్రీకి అదే స్కూల్లో ఎనభై ఒకటికి సీటు వచ్చింది. ఎనభై ఒకటికే వస్తే ఎనభై ఏడుకి రాదా? మొగుడూ పెళ్ళాం ఆ రెండు నంబర్లనీ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారు. మూడో నంబరు ఒకటి ఉంటుందని వాళ్ళకి తోచలేదు.

"వేదశ్రీకి మార్కులు ఇచ్చారంటండీ. ఈ ఏడు పద్ధతి మార్చారు. మా పిల్లకి వచ్చింది మార్కులు కాదు. రాసినోళ్ళందర్నీ వరసలో నిలబెడితే, నూటికి ఎంతమంది మన వెనకాల ఉన్నారో చెప్పే నంబరంట అది. ఇందాక గుడివాడలో కోచింగ్ సెంటరు సారు చెప్పాడు. సీటు కాయితం ఆ సెంటర్లోనే ఇస్తారనుకుని వెళ్ళానండీ. లిస్టు నిన్ననే పెట్టారంట. మా పిల్ల లేదు."

"వెయిటింగ్‌లోనైనా?"

"అందులోనూ లేదు."

"ఇంట్లో తెలుసా?"

"తెలీదండీ. చెప్పాలి. రేపు పొద్దుటిలోగా చెప్పాలి."

రేపు ఆదివారం. ఆ గడువు ఎందుకో టైరు మార్చేలోపే తెలిసింది. ఎనభై ఏడు వచ్చిన వారమే నతానియేలు వాళ్ళ చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. ఆ సంఘంలో అది ప్రతి ఆదివారం ఉండేదే. ఆరాధన మధ్యలో, కోరుకున్నది దొరికినవాళ్ళు లేచి, దేవుడు నాకు ఈ మేలు చేశాడని అందరి ముందూ చెబుతారు. జ్వరం తగ్గినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, తప్పిపోయిన గేదె ఇల్లు చేరినవాళ్ళు. మిగతావాళ్ళు స్తోత్రం అంటారు. నతానియేలు మైకు పట్టుకుని, నా బిడ్డకి దేవుడు సీటు ఇచ్చాడు అన్నాడు. ఎనభై ఏడు ఇచ్చాడు అనలేదు, సీటు ఇచ్చాడు అన్నాడు. దాని వెనకే ఇంటి ముందు పందిరేసి కృతజ్ఞతా కూడిక పెట్టారు, భోజనాలు పెట్టారు. సంఘం పెద్ద తాతారావు గారు పిల్లని కుర్చీ ఎక్కించి అందరికీ చూపించాడు. స్త్రీల సమాజం వాళ్ళు తలా కాస్త వేసుకుని కొత్త ట్రంకుపెట్టె కొన్నారు. రేపు ఆరాధన అయ్యాక హెప్సిబాని ముందుకి పిలిచి, తల మీద చేతులుంచి ప్రార్థన చేసి, పెట్టెతో సహా సాగనంపుతారు.

"మీరు బాగా చదువుకున్నవారిలా ఉన్నారు," అన్నాడు. "సాక్ష్యం చెప్పినోడు దాన్ని వెనక్కి తీసుకున్నట్టు ఎక్కడైనా చదివారా?"

చదివానా? కోర్టులో సాక్షులు మాట మార్చిన కథలు కావలసినన్ని చదివాను. వాళ్ళు భయపడో ఆశపడో మార్చినవాళ్ళు. రాజులు తామిచ్చిన మాన్యాలు తామే లాక్కున్న సంగతులూ చదివాను. సంతోషంతో ఒక మాట అనేసి, ఆ మాట నిజం కాకపోతే మళ్ళీ అదే జనం ముందు నిలబడ్డవాడు ఎవరైనా ఉన్నాడా అని వెతుక్కుంటే ఎవరూ తగల్లేదు. ఉండే ఉంటారు. రాసుకోవలసిన సంగతి అని ఎవరికీ అనిపించి ఉండదు.

"లేదయ్యా," అన్నాను.

"మా సంఘంలోనూ లేదండీ. దొరికితే పెట్టుకునే కూడిక ఉంది. దొరకలేదని పెట్టే కూడిక లేదు."

కండక్టరు ఎక్కండెక్కండని కేకేశాడు. నాకు అతని పక్క సీటే దొరికింది.

ఈ డెల్టాలో తిరిగినన్నాళ్ళూ చూస్తున్నాను, ఇక్కడివాళ్ళకి అంకెలంటే ఒక మోజు. ఎకరానికి ఎన్ని బస్తాలు, కేజీకి ఎన్ని రొయ్యలు తూగాయి, పిల్లాడికి ఎన్ని వచ్చాయి. మొవ్వలోనో గుడివాడలోనో ఎవరింటికైనా వెళ్ళండి, మంచినీళ్ళ గ్లాసు కన్నా ముందు పిల్లల మార్కులు బయటికొస్తాయి. పూర్వం చైనాలో కొలువుల కోసం పరీక్షలు పెట్టేవారని చదివాను. మనిషికొక ఇరుకు కొట్లో కూర్చోబెట్టి రోజుల తరబడి రాయించి, చివరికి నెగ్గినవాళ్ళ పేర్లు గోడకి వేలాడదీసేవారట. పేరుంటే ఉంది, లేకపోతే లేదు. నువ్వు నూటికి ఇంతమంది కన్నా నయం అని ఓడినవాడి చేతిలో ఒక నంబరు పెట్టి పంపే పద్ధతి వాళ్ళకి ఉన్నట్టు లేదు. అలా నంబరు ఇచ్చి పంపడం దయో, మరొకటో, ఆ పూట బస్సులో నేను తేల్చుకోలేకపోయాను.

నతానియేలు బతుకు కూడా నంబర్లతోనే. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో టెక్నీషియను. పొద్దున్నే బండేసుకుని చెరువుల వెంట తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తాడు. ఉప్పెంత, అమ్మోనియా ఎంత, నీళ్ళలో గాలెంత, అన్నీ చూసి కాగితం రాసిస్తాడు.

"రైతు కాయితం చూడడండీ. నా మొహం చూస్తాడు. బాగుందా బాలేదా, ఒక్కమాట చెప్పు నతానియేలూ, అంటాడు. పర్లేదు అంటాను. చెరువు మొత్తం పోయేలా ఉంటే తప్ప పర్లేదనే అంటాను. ఇంకేమన్నా అంటే ఆ మనిషికి అన్నం సయించదు."

"మరి పాప నంబరు వచ్చినరోజు?"

"ఆరోజు మా ఆవిడ నా మొహం చూసిందండీ," అన్నాడు.

కూచిపూడిలో సగం మంది దిగారు. కిటికీ పక్కకి జరిగి, సంచి ఒళ్ళో పెట్టుకుని, నేను అడక్కుండానే తన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పేదంతా ఇంకెవరికో జరిగిందన్నట్టు చెప్పాడు.

తండ్రి సాల్మన్ రాజు ఏట్లో వల వేసేవాడు, ఆదివారం చర్చి గంట కొట్టేవాడు. వేటకి వెళ్ళి ఆలస్యమైతే ఆ వారం గంట కూడా ఆలస్యమే. ఐదు చదివాక నతానియేలుని బందరులో ఒక హాస్టల్లో వేశారు. కొత్త పెట్టె కొనే స్తోమతు లేదు. అంతకు ముందు ఆ హాస్టల్లో చదివి వెళ్ళిపోయిన ఎవరో అబ్బాయి వదిలేసిన ట్రంకు ఉంటే అది ఇచ్చారు. మూత మీద తెల్లరంగుతో పి. విజయ్ కుమార్ అని రాసుంది. మొదటిరోజు వార్డెను పెట్టెలన్నీ వరసగా చూసుకుంటూ వచ్చి, విజయ్ కుమార్, ఇలా రా అన్నాడు. వెళ్ళాడు.

"కాదని చెప్పలేదా?"

"పెద్దాయన పిలిచాడు కదండీ. వెళ్ళా. రెండోసారీ పిలిచాడు. రెండోసారి వెళ్ళాక ఇంక కాదని ఎలా చెప్తాం?"

హాజరు పుస్తకంలో నతానియేలు. హాస్టల్లో, భోజనాల దగ్గర, ఆటల్లో, జ్వరమొచ్చి పడుకున్నప్పుడు విజయ్ కుమార్. పదో తరగతి అయ్యేదాకా అంతే. ఇప్పటికీ బందరు కోనేరు సెంటర్లో ఎవరైనా ఒరేయ్ విజయ్ అని అరిస్తే ఆగి వెనక్కి చూస్తాడట.

"ఆ రంగు తుడిచెయ్యలేకపోయావా?"

"కిరసనాయిలు పెట్టి తుడిచానండీ. ఇటుకరాయితో రుద్దాను. పోలా. మంచి రంగు."

తర్వాత డిగ్రీలో చేరాడు, ఒక పేపరు ఉండిపోయింది. చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకి మెరుగు పెట్టాడు కొన్నాళ్ళు. ఆ ఆవిరికి దగ్గు పట్టుకుంటే మానేసి, గిలకలదిండి వైపు ఐసు ఫ్యాక్టరీలో చేశాడు. రొయ్యల చెరువులు పెరిగాక ల్యాబు పని దొరికింది. పెళ్ళాం రాజకుమారి అంగన్‌వాడీ టీచరు. ఊళ్ళో పిల్లలందరికీ అఆలు నేర్పిన మనిషి, సొంతపిల్ల చదువు సంగతి మాత్రం ఆయనకి తెలుసు అని మొగుడికి వదిలేసింది. ఆయన బందరులో ఉండి చదివాడు కదా మరి. హెప్సిబా ఊళ్ళో బడిలో మొదటి పిల్ల. గుడివాడ కోచింగు సెంటరు వాళ్ళు ఫోన్లో పాఠాలు పెడితే, చెరువు గట్టు మీద సిగ్నలు బాగుంటుందని అక్కడే కూర్చుని వినేది. ఆ పిల్ల పెట్టె మీద ఆ పిల్ల పేరే ఉండాలని అతను అనుకున్నాడు. పెద్ద కోరికేమీ కాదు. సీటు కన్నా కూడా తనకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది అదేనన్నాడు, కొత్త పెట్టె మీద పిల్ల పేరు.

ఫోను మోగింది. రాజకుమారి గొంతు పెద్దది. పక్క సీట్లో ఉన్న నాకు ప్రతి మాటా వినపడింది.

"ఏవండీ, ఎందాకా వచ్చారు?"

"కూచిపూడి దాటాం. టైరు పోయింది మధ్యలో."

"నేను పెట్టె ఆటోలో వేసుకుని అవనిగడ్డ వచ్చేశా. అంజి కొట్టు దగ్గరున్నా. పేరు తెలుగులో రాయించాలా ఇంగ్లీషులోనా? అక్షరాన్ని బట్టి తీసుకుంటాడంట. తెలుగులో అయితే మూడక్షరాలే, ఇంగ్లీషులో ఏడంట. అదేం లెక్కండీ, పిల్ల ఒకటేగా?"

"నేనొచ్చాక చూద్దాం. ఆగు."

"ఆగడమేంటి, ఆరొద్దా? రేపు పొద్దుటికి ఆరాలి. ఇంతకీ కాయితం ఇచ్చారా?"

"సరిగ్గా వినపడట్లేదు. వస్తున్నా," అని పెట్టేశాడు. ఫోను సంచిలో వేశాడు. మళ్ళీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పెయ్యాల్సింది," అన్నాను.

"బస్సులోంచా అండీ?"

కిటికీ బయట పొలాలు ఖాళీగా ఉన్నాయి, అక్కడక్కడా గొర్రెలు. తర్వాత అతనే అన్నాడు. "ఎలా చెప్పాలో చూస్తున్నానండీ. నూట్లో ఎనభై ఏడు మంది కన్నా మన పిల్ల ముందుంది అనొచ్చు. వింటానికి బాగుంటుంది. ముందర వెయ్యి మంది ఉన్నారు, సీట్లు ఎనభై, అని కూడా అనొచ్చు. రెండూ ఒకటేనంట కదా?"

"రెండూ ఒకటే."

"ఏది ముందు చెప్పమంటారు?"

ఇంతలో ఘంటసాల వచ్చింది. ఆ ఊళ్ళో పాతకాలపు బౌద్ధుల రాళ్ళున్నాయి, ఎప్పుడో ఒకసారి దిగి చూశాను. వాటి మీద దానాలు చేసినవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. మొక్కు తీరినవాడు స్తంభం ఇచ్చాడు, పేరు వేయించుకున్నాడు. తీరనివాళ్ళు కూడా అదే దారిన, అదే ఎండలో ఇంటికి వెళ్ళి ఉంటారు కదా, వాళ్ళేం చెప్పుకున్నారో రాయి మీద లేదు. ఇదంతా పక్కవాడికి చెప్పబోయి మానుకున్నాను. అతనికి కావలసింది అది కాదు.

ఫోను మళ్ళీ మోగింది. చూసి, కొత్త నంబరన్నాడు. ఎత్తాడు.

"నాన్నా, నేను. వేదశ్రీ అక్క వాళ్ళ ఫోను."

"చెప్పమ్మా."

"అక్క వాళ్ళకి అప్పుడు మార్కులిచ్చారంట. మాకిచ్చినవి మార్కులు కావంట. నిజమేనా?"

నతానియేలు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఎవరన్నారు?"

"అక్కే. వాళ్ళ నాన్న వాళ్ళమ్మతో అంటుంటే విందంట. మన కూడిక రోజే అన్నారంట."

అతను ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. అవతల ఎక్కడో కోడి అరవడం వినపడింది.

"నాన్నా? ఉన్నావా?"

"ఉన్నా."

"అమ్మకి చెప్పనా?"

"వద్దు. నేను చెప్తా."

"సరే. హైస్కూల్లో పుస్తకాలు ఇస్తున్నారంట. అందరూ వెళ్తున్నారు. నేనూ వెళ్ళి తెచ్చుకోనా?"

"తెచ్చుకో."

"సంచి కూడా ఇస్తారంట," అని పెట్టేసింది.

చల్లపల్లి దాకా అతను ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. అదేమీ లేదు. చల్లపల్లి సెంటర్లో బస్సు ఆగితే, శనక్కాయల పొట్లం కొని సగం నాకు పెట్టాడు.

"శేషగిరి గారికి అప్పుడే తెలుసన్నమాట," అన్నాడు.

"కూడికకి వచ్చాడా?"

"వచ్చాడండీ. ముందు కుర్చీలో కూర్చున్నాడు. పిల్లకి పెన్ను ఇచ్చాడు. మేము వేరే వండించాం ఆయనకి. పెరుగన్నమే తిన్నాడు గానీ, తిన్నాడు."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్తాడండీ? మైకులో పాటలు, తాతారావు గారు పిల్లని కుర్చీ ఎక్కించి ఉన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా చెప్పను. పర్లేదంటా." శనక్కాయ తొక్కలు పొట్లంలోనే జాగ్రత్తగా వేసుకున్నాడు. "ఇంకాస్త పెరుగు వేయించుకున్నాడు కూడా."

పులిగడ్డ దగ్గర పాయ దాటాం. కింద నీళ్ళు కొంచెమే, ఇసుక ఎక్కువ. దివిసీమలోకి వెళ్ళే బస్సుల్లో ఈ వంతెన మీద అందరూ ఒకసారి మాటలాపి నది వైపు చూస్తారు. అదేం అలవాటో నాకు తెలీదు. ఆ వేళ బస్సులో మిగిలినవాళ్ళంతా చూశారు, అతనూ చూశాడు.

అవనిగడ్డలో నేను మారాల్సిన కోడూరు బస్సు ఇంకా రాలేదు. అంజి కొట్టు బస్టాండు ఎదురుగానే, టీ కొట్టుని ఆనుకుని ఉంది. బళ్ళ నంబరు ప్లేట్లు, రేడియం బొమ్మలు, ఫ్లెక్సీ చట్రాలు. ఇవన్నీ వచ్చినా బ్రష్షు వదలని మనిషి అంజి. ముప్పై ఏళ్ళుంటాయేమో, చెవి మీద పెన్సిలు. నేను టీ చెప్పి బల్ల మీద కూర్చున్నాను. నతానియేలు టీ వద్దన్నాడు.

పెట్టె రెండు స్టూళ్ళ మీద ఉంది. ఆకుపచ్చ రంగు, ఎక్కడా సొట్ట లేదు. పక్కనే రాజకుమారి, బొద్దుగా, చేతిలో గొడుగు, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా నిలబడి ఉంది.

"రా బావా," అన్నాడు అంజి. "అక్క ఇందాకటి నుంచి నన్ను బ్రష్షు ముంచనివ్వట్లా. రేడియం వేయనా అంటే వద్దంటుంది. హాస్టల్లో కరెంటు పోయినా పేరు మెరుస్తది కదా."

"నీ మెరుపులు మాకొద్దు," అంది రాజకుమారి. "దీపావళి అనుకుంటున్నావా. రంగు ఊడిపోయిందంటే మాత్రం నీ కొట్టు ముందే కూర్చుంటా."

"పెట్టె తుప్పు పట్టి పోద్ది గానీ నేను రాసిన పేరు పోదక్కా."

"అది నాకు తెలుసులే," అన్నాడు నతానియేలు.

అంజి మూత మీద సుద్దతో మూడు గీతలు కొట్టి ఉంచాడు. "పైన పేరు. దీని మీద ఆరో తరగతి. అడుగున స్కూలు. స్కూలు పేరు పెద్దది కదా, అక్షరాలు సరిపెట్టాలి. కాయితం ఇచ్చారంటగా బావా, ఇటివ్వు, చూసి రాస్తా."

"అవును, ఇవ్వండి," అని రాజకుమారి చెయ్యి చాపింది.

"కాయితం ఇవ్వలా," అన్నాడు నతానియేలు.

"సోమవారం ఇస్తారంటనా?"

"ఇవ్వరు."

చాపిన చెయ్యి అలాగే ఉంది. అంజి బ్రష్షు డబ్బా అంచుకి రాసి, రాసి, ఊరుకున్నాడు.

"పేరొక్కటి రాయి అంజీ. తెలుగులో. కింద రెండు గీతలూ తుడిచెయ్."

అంజి రాజకుమారి వైపు చూశాడు. ఆవిడ మొగుడి మొహం చూస్తోంది. అతను మొహం తిప్పుకోలేదు.

"ఎనభై ఏడు వచ్చింది కదా," అందావిడ. గొంతు అప్పుడు చిన్నదైంది.

"అవి మార్కులు కాదంట. నూరు మందిని వరసలో నిలబెడితే, మన పిల్ల వెనకాల ఎనభై ఏడు మంది ఉన్నారంట."

"అంటే బాగా రాసినట్టే కదా?"

"బాగానే రాసింది."

"మరి?"

"ముందర పన్నెండు మంది ఉన్నారు."

"పన్నెండు మందేగా?"

"నూటికి పన్నెండు. రాసింది ఎనిమిది వేల పైన."

అంగన్‌వాడీలో లెక్కలు నేర్పే మనిషి. పెదాలు కదిలాయి, ఆగాయి. గొడుగు పెట్టెకి ఆనించి నా బల్ల మీదే ఆ చివర కూర్చుంది. నేనున్నట్టు ఆవిడకి తెలీదు.

"దానికి?" అంది కాసేపటికి.

"తెలుసు. పుస్తకాలు తెచ్చుకుంటానంది, హైస్కూల్లో."

"నాకన్నా ముందు తెలుసా?"

రోడ్డు మీద నాగాయలంక ఆటోవాడు ఇద్దరు, ఇద్దరు అని అరుస్తున్నాడు.

"రేపు తాతారావు గారు పిల్లని ముందుకి పిలుస్తాడు," అంది రాజకుమారి.

"పిలవకముందే నేను లేస్తా. చెప్పింది నేనేగా."

"ఏమని చెప్తారు?"

"సీటు రాలేదని."

"అంతేనా?"

"అంతే. ఇంకేం ఉంది?"

"స్తోత్రం అంటారా వాళ్ళు?"

"ఏమో. అంటే అంటారు."

ఆవిడ పెట్టె వైపు చూసింది. "ఇది తిరిగిచ్చేద్దాం. రాయించకుండా ఇచ్చేద్దాం. ఇంకో ఇంట్లో పిల్లకి పనికొస్తది."

"వద్దు," అన్నాడు. ఆ పూట అతని గొంతు కాస్త గట్టిగా విన్నది ఆ ఒక్క మాటకే. "రాయి అంజీ."

అంజి తడిగుడ్డతో కింది రెండు గీతలూ తుడిచాడు. పైగీత కూడా తుడిచి, మూత నడిమధ్యకి కొత్తగీత కొట్టాడు. తెల్లరంగులో బ్రష్షు ముంచి, ఊపిరి బిగబట్టి హె రాశాడు. ప్సి రాసేటప్పుడు ఒత్తు దగ్గర కాస్త ఆగాడు. బా రాసి వెనక్కి తగ్గి చూసుకున్నాడు. జోకు వేస్తాడేమోననుకున్నాను, వేయలేదు. నతానియేలు జేబులో చెయ్యి పెడితే, వద్దులే బావా అన్నాడు. అయినా బల్ల మీద పెట్టాడు.

"ఆరనివ్వండి కాసేపు. ఇంకా పచ్చిగా ఉంది."

"ఆటో వెళ్ళిపోద్ది," అన్నాడు నతానియేలు.

"అయితే పేరు మీద చెయ్యి పడనీమాకండి."

అతను ఒక పక్క పిడి పట్టుకున్నాడు. రాజకుమారి లేచి గొడుగు చంకలో ఇరికించుకుని రెండో పిడి పట్టుకుంది. పెట్టె ఖాళీది, బరువేమీ లేదు. అయినా ఇద్దరూ నిండుపెట్టెని మోసినట్టు నడుము వంచి, మూత పైకి ఉండేలా ఎత్తారు. నేను టీ గ్లాసు కింద పెట్టి లేచాను. చెయ్యెత్తాను.

నతానియేలు నా వైపు చూడలేదు. రంగు మీద దుమ్ము పడుతుందేమోనని, రొయ్యల మేత బొమ్మ ఉన్న సంచిని ఖాళీ చేత్తో మూతకి జానెడు ఎత్తున అడ్డంగా పట్టుకుని, వచ్చేపోయే బళ్ళని తప్పించుకుంటూ రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.